సిలంబం షార్ట్ ఫిలిం లుక్: హాల్లో ఆ నల్ల పట్టీ ఇంకా పోలేదు

సిలంబం, అంటే తమిళుల కర్రసాము, నేర్చుకునే కుర్రాడి ఎదుగుదల కర్ర కదలికలోనే తెలియాలన్నది ఈ సినిమా లుక్‌కి మూలం. నేర్చుకునే రోజుల్లో కర్ర మసగ్గా అలుక్కుపోవాలి, చెయ్యి తిరిగాక ప్రతి దెబ్బా గీత గీసినట్టు పడాలి. నేర్చుకునే భాగం చెన్నై ఎలియట్స్ బీచ్‌లో పొద్దున్నే, సెకనుకి 25 ఫ్రేములు, 1/50 సెకను షట్టర్‌తో బ్రహ్మాండంగా వచ్చింది. చిక్కంతా రాత్రి హాల్లో జరిగే ఆఖరి పోటీతోనే.

అక్కడున్నవి పాత చోక్ ట్యూబ్‌లైట్లు. 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకి 100 సార్లు మినుకుతాయి. 120 ఫ్రేములు, 1/240, ఎఫ్2.8, ఐఎస్ఓ 3200తో తీసి స్లోమోషన్ కోసం 24 ఫ్రేముల టైమ్‌లైన్‌లో వేస్తే నల్ల పట్టీ సెకనుకి 4 సార్లు తెర మీద పాకుతోంది. అంచుల్లో రంగూ మారుతోంది; ట్యూబ్‌లోని ఫాస్ఫర్లు తలా ఒక వేగంతో ఆరడం వల్ల కావచ్చు. పట్టీ గోడల దగ్గర చిక్కగా, మధ్యలో పల్చగా ఉంది. ట్యూబ్ వరసలు వేర్వేరు ఫేజ్‌ల మీద ఉండి, ఒకదాని లోటు ఇంకోటి పూడుస్తోందేమో.

కెమెరాని పాల్‌ (PAL, 50 హెర్ట్జ్ కరెంటుకి సరిపడే వీడియో పద్ధతి)కి మార్చి 100 ఫ్రేములు, 1/100 పెడితే పట్టీ మాయం. కానీ సెకనుకి రెండు చుట్లు తిరిగే అయిదడుగుల కర్ర ఆ కాస్త వ్యవధిలోనే 7 డిగ్రీలు జరుగుతుంది. కొస దగ్గర దాదాపు 10 సెంటీమీటర్ల మసక! 1/400కి వెళ్తే అది రెండున్నరకి దిగుతుంది, పట్టీ మళ్లీ హాజరు. ఈసారి పాకదు, ఒకచోటే తిష్ఠ వేసి, గ్రిడ్ ఫ్రీక్వెన్సీ ఊగినప్పుడల్లా మెల్లగా జారుతుంది. ఎడిటింగ్‌లో మినుకు తీసేసే డీఫ్లికర్ వేస్తే కర్ర పక్కన ఇంకో కర్ర నీడలా తేలుతోంది. ఆఖరి దెబ్బకి అది పనికిరాదు.

ఇక ట్యూబ్‌లు ఆర్పేయడమే. హాలంతా వెలిగించక్కర్లేదు, 15 అడుగుల చదరం చాలు. చుట్టూ చీకటి ఈ ఘట్టానికి ఇంకా నప్పుతుంది. గోడాక్స్ ఎస్‌ఎల్60 ఎల్‌ఈడీ లైట్లు రెండు, సాఫ్ట్‌బాక్స్‌తో, ఎదురెదురుగా. వెనక గోడకి చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో దొరికే 24 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్, డిమ్మర్ లేకుండా. చవక డిమ్మర్లు వెలుగుని ఆర్పి వెలిగిస్తూ తగ్గిస్తాయి, జబ్బు మళ్లీ మొదటికొస్తుంది. కొనేముందు షాపులోనే ఫోన్ 240 ఫ్రేముల స్లోమోషన్‌లో చూస్తే బండారం బయటపడుతుంది.

హాంకాంగ్ కుంగ్‌ఫూ సినిమాల షా బ్రదర్స్ తరహా క్రాష్ జూమ్, అంటే ఒక్కసారిగా మీదికి దూకే జూమ్, ఈ పోటీలో వద్దు. 35 ఎంఎం లెన్స్, ట్రైపాడ్, తల నుంచి పాదాల దాకా ఫ్రేములో. అడుగు కనపడకపోతే సిలంబం కనపడనట్టే. తర్వాతి టెస్ట్ 1/400, ఐఎస్ఓ 6400తో. నాయిస్ ఎక్కువైతే 1/250కి దిగి, మసక ఎంతవరకు ఓర్చుకోవచ్చో చూడాలి.