వాది బండి మీద వెళ్ళిన సమన్స్

మంగళవారం రాత్రి.

ఈ రోజు మా కోర్టులో కాల్ వర్క్ (కేసులు పిలిచే పని) తొందరగానే అయిపోయింది. రేపటి కట్టలు సర్దుతుంటే ఒక ఓ.ఎస్. (సివిల్ దావా) ఫైల్లో తిరిగొచ్చిన సమన్స్, అంటే ప్రతివాదిని కోర్టుకి రమ్మనే నోటీసు, కనబడింది. స్థలం స్వాధీనం చేయించమని వేసిన దావా. ప్రతివాది తీసుకోనన్నాడు కాబట్టి తలుపుకి అంటించి వచ్చానని, సమన్స్ అందించే ప్రాసెస్ సర్వర్ రిపోర్టు. కింద ఇద్దరు సాక్షుల సంతకాలు. ఇద్దరి ఇంటిపేరూ వాది ఇంటిపేరే.

ప్రాసెస్ సర్వర్‌ని పిలిచి అడిగాను. నాకన్నా పెద్దవాడు, మనిషి మంచివాడే. "ఆ ఊరికి బస్సు లేదండీ. వాదిగారే బండి మీద తీసుకెళ్ళారు. సంతకాలకి ఎవరూ ముందుకు రాకపోతే ఆయనే మనుషుల్ని పిలిపించారు" అన్నాడు. భోజనం సంగతి నేనడగలేదు, ఆయనే చెప్పాడు. డబ్బు మాత్రం ముట్టుకోలేదండీ అని రెండుసార్లు అన్నాడు. నమ్మాను.

అవినీతి నిరోధక చట్టం ఏడో సెక్షన్ అంటే మా వాళ్ళందరికీ భయమే. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. నోటు చేతిలో పడితే కదా ఆ భయం! వాది బండెక్కి, వాళ్ళింట్లో పప్పన్నం తిని వచ్చినవాడికి అక్కడ తప్పు జరిగిందనే తోచదు. ఆ రిపోర్టు నమ్మి కోర్టు ప్రతివాదిని ఎక్స్‌పార్టీ చేసి, అంటే రాలేదని రాసుకుని అతను లేకుండానే డిక్రీ ఇస్తే, దాన్ని అమలు చేసే అమీన్ గుమ్మం ముందుకొచ్చేదాకా ఆ మనిషికి డిక్రీ సంగతే తెలియకపోవచ్చు. అప్పుడు ఆ డిక్రీ రద్దు చేయమని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 13 కింద పిటిషన్ వేసుకోవాలి. తెలిసిన రోజు నుంచి 30 రోజులు గడువు. సమన్స్ సరిగా అందలేదని కోర్టుని ఒప్పించుకోవాల్సింది కూడా అతనే.

అలాగని నేరమంతా ఈయన నెత్తిన రుద్దడానికి మనసొప్పలేదు. ఆటో మాట్లాడుకుని వెళ్తే ఆ డబ్బు తిరిగి చేతికెప్పుడొస్తుందో ఎవరు చెప్పగలరు?

ఇంటిపేర్ల విషయం నోట్ రాసి జడ్జి మేడమ్ ముందు పెట్టాను. మళ్ళీ సమన్స్ పంపమన్నారు, ఈసారి పోస్టులో కూడా. వాది లాయరుగారి గుమాస్తా, రోజూ "టీ తాగారా సార్" అని పలకరించేవాడు, మొహం తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చేసరికి మా బావమరిది ఫోన్. వాళ్ళ స్నేహితుడి కేసు మా పక్క కోర్టులో తీర్పుకి రిజర్వ్ అయిందట. "ఎటొస్తుందో స్టెనోని కాస్త కదిపి చూడు బావా, నీకు తెలిసినవాడేగా" అన్నాడు. తెలిసినవాడే, అందుకే అడగను. ఈ-కోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ నంబరు (కేసు గుర్తింపు సంఖ్య) కొడితే వాయిదా తేదీ వస్తుంది, చూసుకోమన్నాను. "నేనడిగింది తేదీ కాదు బావా" అని పెట్టేశాడు.

వచ్చే నెల వాళ్ళ గృహప్రవేశం. మా ఆవిడకి ఇంకా ఏమీ చెప్పలేదు.