మోచేతి కింద దాకా చేతులు

కంచరపాలెంలో నాకు చిన్న కుట్టు దుకాణం ఉంది. ఆడవాళ్ల ఒంటికి టేపు పట్టే పని కాబట్టి, వాళ్లు చెప్పనివి కూడా నా కంట పడుతుంటాయి.

మొన్న మే నెలలో, ఫ్యాను కింద కూడా చెమటలు కారిపోతున్న రోజున మా వీధి అమ్మాయి జాకెట్టు గుడ్డ తెచ్చింది. ఎప్పుడూ పొట్టి చేతులే కుట్టించుకునేది. "చేతులు మోచేతి కింద దాకా పెట్టక్కా" అంది. చేతి లూజు తీద్దామని టేపు చుట్టేసరికి గబుక్కున వెనక్కి లాక్కుంది. భుజం కింద నాలుగు వేళ్ల అచ్చు. అంచులు పసుపు రంగుకి తిరుగుతున్నాయి.

రెండేళ్ల కిందట ఇంకొకావిడ చెయ్యి ఇలాగే చూసి, మనకెందుకులే అని కొలత రాసుకుని ఊరుకున్నాను. ఆవిడ మళ్లీ రాలేదు. అది నన్ను ఇప్పటికీ తినేస్తోంది. అందుకే ఈసారి షట్టరు సగం దించి, స్టూలు వేసి కూర్చోబెట్టాను.

"ఎక్కడికెళ్తానక్కా? ఇల్లు మా అత్త పేరున ఉంది. నోరెత్తితే ఇద్దరు ఆడపిల్లల్తో రోడ్డున పడతాను."

దెబ్బల కంటే ఆ ఇంటి కాగితానికే ఎక్కువ భయపడుతోంది.

నా దగ్గర బట్టలు కుట్టించుకునే లాయరమ్మకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. 2005 గృహహింస చట్టం ప్రకారం, కాపురం చేస్తున్న ఇల్లు ఎవరి పేరున ఉన్నా అందులో ఉండే హక్కు భార్యకుందట. అత్తమామల ఇంటికీ ఇది వర్తిస్తుందని 2020లో సుప్రీంకోర్టే చెప్పిందట. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. అర్ధరాత్రయినా ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యొచ్చు, ప్రాణం మీదికొస్తే 112. ఈ నంబర్లు ఇప్పుడు మా ట్రయల్ రూములో అద్దం పక్కన రాసిపెట్టాను. బయట గోడ మీద పెడితే మొగుడు పక్కనుండగా ఎవరు చదువుతారు?

పది రోజులు నేను తొందరపెట్టలేదు. తనే వచ్చి "వెళ్దామక్కా" అంది.

గృహహింస ఫిర్యాదులు తీసుకునే రక్షణాధికారి ఆఫీసుకి తోడెళ్లాను. ఆవిడ ఫారం నింపుతూ ఒక్కొక్కటే చదివి అడిగింది. కొట్టడం. ఖర్చులకి డబ్బులివ్వకపోవడం. ఉద్యోగం మాన్పించడం. మగపిల్లాడు పుట్టలేదని అవమానించడం.

"అది కూడా రాసుందా మేడం?"

"అచ్చులోనే ఉందమ్మా, చూడు" అని ఫారం ఇటు తిప్పింది. మా వీధి అమ్మాయి ఆ వరస మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ తనే చదువుకుంది. తర్వాత ఇంకోసారి చదివింది.