ఏడు నిమిషాల పత్రం, ఒక్క ప్రశ్న

ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి జయంతి నాడు, విజయనగరంలో ఒక కళాశాల వారు ఏర్పాటు చేసిన సదస్సులో నా పరిశోధన పత్రాన్ని సమర్పించాను. పొందూరు ఖాదీ పనిలో వాడే మాటల సేకరణ నా పీహెచ్‌డీ అంశం. చేరి మూడేళ్ళవుతున్నా, మా విభాగం దాటి బయటివారి ముందు నిలబడి మాట్లాడడం అదే మొదటిసారి.

ఆహ్వానంలో ఒక్కొక్క పత్రానికి 15 నిమిషాలు అని రాశారు. జ్యోతి ప్రజ్వలన, స్వాగతాలు, సన్మానాలు ముగిసేసరికి పన్నెండున్నర అయింది. భోజనాల లోపు 14 పత్రాలు పూర్తి కావాలి కాబట్టి మనిషికి 7 నిమిషాలే అని ప్రకటించారు. ఏ సదస్సులోనైనా కోత పడేది పత్రాలకే గాని శాలువాలకు పడదు. నాకన్నా ముందు చదివిన అబ్బాయి పన్నెండు పేజీలనూ ఊపిరి తీసుకోకుండా చదవబోయి, ఆరో పేజీలో గంట మోగగానే సగం వాక్యం దగ్గర ఆగి, నమస్కారం పెట్టి దిగిపోయాడు.

అది చూశాక నా కాగితాల్లోంచి ఖాదీ ఘనత గురించిన మొదటి రెండు పేజీలు తీసేసి, సంచిలో తెచ్చుకున్న వాలుగ చేప దవడను బయటకు తీశాను. పొందూరులో గింజ మీది పత్తిని దువ్వి శుభ్రం చేసేది దానితోనే. దవడ నిండా సన్నని పళ్ళు, దగ్గరగా, వేలితో రాస్తే గరగరలాడేటట్టు ఉంటాయి. దానిని ముందు వరుసలో వారి చేతికిచ్చి, దువ్వడం, ఏకడం (దూదిని విడదీసి పొంగించడం), ఏకులు (వడకడానికి చుట్టుకునే దూది వత్తులు) చుట్టడం, వడకడం, చిలపలు (వడికిన నూలు కట్టలు) తీయడం అనే వరుసలో మాటలను వివరించుకుంటూ పోయాను. దవడ చేతులు మారి అధ్యక్షుల వారిని చేరింది. ఆయన దానిని తిప్పి చూసుకుంటూ గంట సంగతి మరచిపోవడం వల్ల నాకు 11 నిమిషాలు దక్కాయి.

భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1971లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం రెండో సంపుటం చేనేత పదాలది. దానిని ముందు పెట్టుకొని నేను తేల్చిన విషయం ఇది: పడుగు, పేక, నాడె వంటి మగ్గం మాటలు నేటికీ అందరి నోటా ఉన్నాయి గాని, మగ్గం దాకా రాకముందు జరిగే పనుల మాటలను ఊరు మరచిపోతున్నది. తెరమీద ఈ వాక్యాన్ని పెద్ద అక్షరాలలో చూపించాను. చప్పట్లు కూడా కొట్టారు.

అప్పుడు వెనుక వరుసలోంచి, పదవీ విరమణ చేసిన అధ్యాపకురాలు ఒకరు లేచారు. "ఈ మాటలు నీకు ఎంతమంది చెప్పారమ్మా?" అని అడిగారు. 22 మంది అన్నాను. "అందులో ఆడవారు?" ముగ్గురు అన్నాను. "మరి అక్కడ నూలు వడికేదెవరు?"

జవాబు నాకు తెలుసు. రాట్నం ముందు కూర్చునేది ఆడవారు. కానీ నేను ఏ ఇంటికి వెళ్ళినా అరుగు మీదికి వచ్చి నాతో మాట్లాడినది మగవారు, చాలామటుకు నేతపని వారు. ఏకుల మాటలూ కదురు మాటలూ వారినే అడిగి, వారు తడుముకున్న ప్రతిచోటా "వాడుకలో లేదు" అని రాసుకున్నాను. వారు మరచిపోయారని నేననుకున్న మాటల్లో కొన్ని, వారు ఎన్నడూ పలికినవే కావు. సవర గిరిజనుల దగ్గరే వారి భాష నేర్చుకున్న గిడుగు వారి జయంతి నాడు ఈ పొరపాటు బయటపడడం నాకు మరింత సిగ్గనిపించింది. "పరిశీలిస్తానండీ" అని మాత్రం అనగలిగాను.

భోజనాల దగ్గర మా గైడు గారు పులిహోర కలుపుకుంటూ, "మూడో అధ్యాయం మళ్ళీ రాయాలి కదా" అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు.

ఆ మరుసటి వారమే పొందూరు వెళ్ళి, ఈసారి అరుగు దాటి లోపలికి వెళ్ళాను. నేను అంతకుముందు రెండుసార్లు వెళ్ళిన ఇల్లే. రాట్నం తిప్పుతున్న పెద్దావిడ నా పాత పుస్తకంలోని పేజీని చదివించుకొని విని, చేతిలో ఏకును పక్కన పెట్టి నవ్వారు. "ఇన్నాళ్ళూ మా ఇంటాయన్ని అడిగి రాసుకున్నావేటమ్మా? ఆయన ఎప్పుడైనా రాట్నం ముట్టుకున్నాడేటి?"