పాటీ ట్రైనింగ్ అప్‌డేట్: పాస్ ఓకే, మోషన్ దగ్గరే ఆగాం

పాపకి రెండున్నరేళ్ళు. పాస్ వస్తే తనే చెప్తోంది, మోషన్‌కి మాత్రం పాటీ చూస్తేనే ఏడుపు. వచ్చేలా ఉంటే కర్టెన్ వెనక్కి వెళ్ళి మునివేళ్ళ మీద నిలబడి కాళ్ళు బిగబట్టేస్తుంది, మొహం ఎర్రగా అయిపోతుంది, చూస్తే ముక్కుతోందనే అనిపిస్తుంది కానీ అది రాకుండా ఆపుకోవడమట. దానికి తోడు చడ్డీలో రోజూ పల్చగా కాస్త కాస్త అంటుకుంటోంది, పాస్ కూడా మాటిమాటికీ.

డాక్టర్ గారు పొట్ట నొక్కి చూసి ఇది మలబద్ధకం అన్నారు. లోపల గట్టిపడి ఉండిపోయినదాని పక్కల నుంచి పల్చటిది కారిపోతుందట, పిల్లలకి తెలియను కూడా తెలియదట. అందుకే లూజ్ మోషన్స్ అనుకుని ఆగే మందు వేస్తే ఇంకా బిగుసుకుంటుంది. నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కడం వల్ల కూడా మాటిమాటికీ పాస్ వస్తుంది, అయినా యూరిన్ టెస్ట్ చేయించారు, ఇన్ఫెక్షన్ లేదు. ఒకసారి నొప్పి పుడితే భయంతో ఆపుకుంటారు, ఆపుకున్న కొద్దీ గట్టిపడుతుంది, మళ్ళీ నొప్పి, పాపం చిన్న ప్రాణానికి ఎంత కష్టమో.

ఇప్పుడు చేస్తున్నవి: బరువుని బట్టి డాక్టర్ రాసిన, మోషన్‌ని మెత్తబరిచే పాలీఇథిలీన్ గ్లైకాల్ పౌడర్ రోజూ నీళ్ళలో కలిపి, బాగుందని మధ్యలో ఆపొద్దన్నారు. పాలు అరలీటరు దాటనివ్వట్లేదు, కడుపు పాలతో నిండితే అన్నం ముట్టదు. తిన్నాక ఐదు నిమిషాలు పాటీ మీద, కాళ్ళు గాల్లో వేలాడకుండా కింద పీట, మోకాళ్ళు నడుం కంటే కొంచెం పైకి ఉండేలా. ఈ పీటతో నిజంగా తేడా కనిపించింది, పాప కాళ్ళు ఆనించి తనే ముందుకి వంగుతోంది. అత్తయ్య గారు తమలపాకు కాడకి ఆముదం రాసి మలద్వారంలో పెడదామన్నారు, డాక్టర్ అక్కడ ఏదీ పెట్టొద్దన్నారని చెప్తే సరేనని ఇప్పుడు రోజూ బొప్పాయి ముక్కలు కోసి తినిపిస్తున్నారు.

ఈ వారం డైపర్‌లోనే అయినా బాత్రూమ్‌లో నిలబడి మెత్తగా వెళ్ళింది, ఏడవలేదు!! చడ్డీ మరకలు కూడా బాగా తగ్గాయి. మొదట్లో గట్టిదాని మీద ఎర్రటి చార కనిపించింది, మలద్వారం అంచు చీరుకోవడం వల్లేనన్నారు, కానీ రక్తం ఎక్కువగా పడినా, పొట్ట ఉబ్బినా, వాంతులు, జ్వరం ఉన్నా ఆలస్యం చేయకుండా తీసుకురమ్మన్నారు.

వచ్చే వారం నుంచి డైపర్‌తోనే పాటీ మీద కూర్చోబెడతాం. పౌడర్ ఇంకొన్ని నెలలు.