బడిసంచి వ్యాసం, మూడో పేరా

పదకొండు దాటింది. బడిసంచుల బరువు మీద వ్యంగ్య వ్యాసం ఇంకా తెమల్లేదు. మూడో పేరా తీసేశాను, మళ్లీ పెట్టాను, ఇందాకే మళ్లీ తీసేశాను. లైటు ఆర్పమని లోపల్నుంచి రెండోసారి కేక వచ్చింది. ఈ నాలుగు ముక్కలూ రాసి ఆర్పేస్తాను.

ప్రతిపాదన కుదిరింది. ఇరవై కిలోల పిల్ల వీపు మీద ఐదు కిలోల సంచి. పిల్ల బరువులో పదో వంతు, అంటే రెండు కిలోలు దాటకూడదంటారు. సంచి ఎలాగూ తగ్గదు కాబట్టి, వంగిన వెన్నునే మనిషి సహజ భంగిమగా ప్రకటించాలని వ్యాసంలోని పెద్దమనిషి సవినయంగా మనవి చేస్తాడు. అందరూ వంగితే గదుల ఎత్తు పదడుగుల నుంచి ఎనిమిదికి దించవచ్చు, గోడల్లో ఐదో వంతు ఇటుక మిగులుతుంది. ఇలాంటి లెక్క ఎవరు కాగితం తీసి వేసి చూసినా సరిపోవాలి. తప్పితే చదివేవాళ్లు ఆ తప్పు దగ్గరే ఆగిపోతారు, అసలు ఘోరం కంట పడదు.

ఐర్లండ్ రచయిత జొనాథన్ స్విఫ్ట్ 1729లో పేరు వేయకుండా అచ్చేసిన వ్యంగ్య వ్యాసం 'ఎ మోడెస్ట్ ప్రపోజల్' మొదటిసారి చదివినప్పుడు ఒళ్లు జలదరించింది లెక్కలకే. ఐర్లండ్‌లో పిల్లల్ని కనే దంపతులు ఎందరు, అందులో పోషించుకోగలిగిన వాళ్లెందరు, గర్భస్రావాలూ శిశుమరణాలూ ఎన్ని, అన్నీ తీసేస్తే ఏటా మిగిలేది 1,20,000 మంది పిల్లలు. 20,000 మందిని సంతతి కోసం ఉంచి, మిగతా లక్ష మందిని ఏడాది నిండగానే ధనవంతుల బల్ల మీదికి మాంసంగా అమ్మాలి. బిడ్డను సాకడానికి ఏడాదికి రెండు షిల్లింగులు, అమ్మితే పది, తల్లికి మిగిలేది ఎనిమిది. ఆ ఎనిమిది దగ్గర పుస్తకం మూసేశాను. రక్తం గురించి ఒక్క ముక్క లేదు, ఉన్నది తీసివేతే. పైగా పిల్లల్ని తినమనే మాట తొమ్మిదో పేరాలో గానీ బయటపడదు. ముందున్న ఎనిమిదీ తల్లుల మీద జాలి, దేశం మీద బెంగ. అప్పటికి మనం ఆ గొంతును నమ్మేసి ఉంటాం.

నన్ను చిరాకు పెట్టేది ఇక్కడే. ఇప్పుడు కనిపించే వ్యంగ్య వ్యాసాల్లో రెండో వాక్యానికే కన్నుకొట్టడం మొదలు. మూడేసి ఆశ్చర్యార్థకాలు, 'మహానుభావులారా' అని దీర్ఘాలు, చివర్న 'ఇది వ్యంగ్యం, నొచ్చుకోకండి' అని ఒక పంక్తి. అలా రాస్తే ప్రతిపాదించే మనిషి చచ్చిపోతాడు, రచయిత ఒక్కడే మిగిలి వెటకారమాడుతుంటాడు. వ్యంగ్యం నిలబడాలంటే ఆ పెద్దమనిషికి తన మాట మీద నిండా నమ్మకం ఉండాలి. అర్జీ భాష, 'సదరు విద్యార్థులు', 'వ్యయభారం', ఒక్క విశేషణం కూడా ఎక్కువ పడకూడదు. ఇంకా పెద్ద పొరపాటు, దెబ్బ పిల్లలకు తగలడం. సంచి మోయలేక ఏడ్చే పిల్లను ఎగతాళి చేసే వాక్యం ఒక్కటి దొర్లినా వ్యాసం మొత్తం పాడు. దెబ్బ తగలాల్సింది ఆ సంచిని తేలిక చేయగలిగి కూడా చేయని పెద్దలకు.

కన్నుకొట్టకపోతే నిజమనుకుంటారేమోనన్న భయమూ ఊరికే పుట్టింది కాదు. ఇంగ్లిష్ రచయిత డానియల్ డెఫో 1702లో, మతవిషయంలో ప్రభుత్వ చర్చితో విభేదించేవాళ్లను నిర్మూలించాలని చర్చి పక్షపాతి గొంతుతో వ్యంగ్యంగా కరపత్రం రాస్తే, కొందరు నిజంగానే మెచ్చుకున్నారు. 1703లో ఆయన్ను మూడు రోజులు బజార్లో బొండకొయ్యలో నిలబెట్టారు. అప్పటికే కొందరు గొంతెత్తి అంటున్న మాటకు ఆ ప్రతిపాదన మరీ దగ్గరగా ఉండడం వల్లే అలా జరిగిందనుకుంటాను. ఎంత మొండివాడూ అడగని చోటికి ప్రతిపాదన వెళ్లాలి. వంగిన వెన్ను అక్కడికే వెళ్లిందనుకుంటున్నాను.

ఇక మూడో పేరా. అసలు పరిష్కారాలు అందులో ఉన్నాయి. తరగతిలో పుస్తకాలు దాచుకునే అల్మారాలు, రోజుకు నాలుగే సబ్జెక్టులుండే టైంటేబుల్, ఒక్కో పాఠ్యపుస్తకాన్ని రెండు మూడు భాగాలుగా కుట్టడం. వ్యంగ్యంలో వీటికి చోటు లేదు, పెడితే ఉపన్యాసమైపోతుందనే తీసేశాను.

కాదు, పొరబడ్డాను. స్విఫ్ట్ కూడా పెట్టాడు కదా! దేశంలో ఉండని భూస్వాముల మీద పన్ను, సొంత దేశంలో తయారైన బట్టలే వాడడం, కౌలుదార్ల మీద కాస్త కనికరం. వరసగా చెప్పి, అలాంటివి తన దగ్గర ఎత్తవద్దని తన వ్యాసంలోని పెద్దమనిషి చేత కసిరించాడు. స్వదేశీ బట్టల మాట స్విఫ్ట్ 1720లోనే సూటిగా రాశాడు. ఎవరూ వినకపోతే తొమ్మిదేళ్ల తర్వాత అదే మాటను, దాన్ని తోసిపుచ్చే నోటితోనే పలికించాడు. ఇన్నిసార్లు చదివీ ఇది నాకు తట్టకపోవడం బాధగా ఉంది.

పేరా మళ్లీ పెట్టాను. మూడో చోట కాదు, చివరికి ముందు. 'అల్మారాల ఊసు నా వద్ద ఎత్తవలదు. వాటికి చెక్క కావలెను, చెక్కకు ఖర్చగును. వెన్నుకు ఖర్చు లేదు' అంటాడు పెద్దమనిషి. టైంటేబుల్ గురించి అతనేమంటాడో ఇంకా దొరకలేదు. మూడో కేక వచ్చింది.