బ్రాంప్టన్ సీటు గొట్టంలో కొత్త స్లీవు, ఆపై వెనుక కీలు: పని ఇంతవరకు

లండన్‌లో రైలెక్కి పనికి వెళ్లేవారి చేతుల్లో తరచూ కనిపించే బ్రాంప్టన్ మడత సైకిలుకు ట్యూబు, గొలుసు, బ్రేకు రబ్బర్లు మార్చడం పెద్ద విద్యేమీ కాదు. చిక్కంతా మడతకు సంబంధించిన భాగాలతోనే వస్తుంది. అక్కడ కొత్త భాగాన్ని దిగగొట్టాక దాని లోపలి రంధ్రాన్ని రీమరుతో (రంధ్రం గోడను పలుచగా కోస్తూ పెద్దది చేసే పనిముట్టుతో) కొలతకు తేవాలి కాబట్టి, ఆ పనిని డీలరు వర్క్‌షాపుకు అప్పగించడం ఆనవాయితీ అయింది. సెకండ్‌హ్యాండులో కొన్న నా మూడు గేర్ల సైకిలుకు అలాంటి పనులు రెండు వచ్చిపడ్డాయి. సీటు పోస్టు, అంటే సీటును మోసే గొట్టం, జారిపోవడం మొదటిది, వెనుక కీలు వదులుకావడం రెండోది. మొదటిది ముగిసింది, రెండోది సగంలో ఉంది.

బ్రాంప్టన్ సీటు పోస్టు వ్యాసం 31.8 మిల్లీమీటర్లు. అది నేరుగా ఫ్రేములోని ఉక్కు గొట్టానికి తగలకుండా మధ్యలో స్లీవు అనే ఒక ప్లాస్టిక్ తొడుగు అతికించి ఉంటుంది. ఈ సైకిలును మడిచాక సీటును పూర్తిగా కిందికి దించితేనే మడత విడిపోకుండా నిలుస్తుంది కనుక, పోస్టు ప్రతి ప్రయాణంలోనూ పైకీ కిందికీ కదలక తప్పదు. దాంతో స్లీవు కొన్నేళ్లకు నున్నగా అరిగి, పోస్టును బిగించే లివరును ఎంత బిగించినా పట్టు నిలవదు. అయితే జారే ప్రతి పోస్టుకూ కొత్త స్లీవు అవసరం లేదు. ముందుగా పోస్టునూ గొట్టం లోపలినీ ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో శుభ్రంగా తుడిచి చూడాలి. అక్కడికి నూనె గాని గ్రీజు గాని చేరకూడదు. అలా తుడిచినా నా సీటు జారుతూనే ఉంది. బిగింపు నట్టును ఇంకా తిప్పుతూ పోవడం వల్ల ప్రయోజనం లేదు. గొట్టం వెనుక ఉన్న చీలిక అంచులు ఒకదానికొకటి ఆనుకున్న తరువాత ఆ బలమంతా బోల్టును సాగదీయడానికే పోతుంది.

పాత స్లీవును తీయడానికి హ్యాక్‌సా బ్లేడును విడిగా చేత్తో పట్టుకుని, స్లీవు పొడవునా ఒక గాటు పెట్టాను. ఉక్కుకు గీత పడకూడదు కనుక చివరి పొర మిగిలి ఉండగానే ఆపి, వేడిగాలి తుపాకీతో గొట్టాన్ని బయటినుంచి కాస్త వెచ్చబరచి, చదును స్క్రూడ్రైవరుతో అంచును లోపలికి మడిచి పట్టకారుతో లాగాను. రంగు పాడవకుండా వేడిని ఒకేచోట నిలపకుండా కదుపుతూ ఉండాలి. లోపల మిగిలిన పాత జిగురును కర్రకు చుట్టిన గరుకు కాగితంతో రుద్ది తీసేశాను. విసుగు పుట్టించే పనే గాని ఇక్కడ తొందరపడితే కొత్త స్లీవు ఒకవైపుకు ఒరిగి కూర్చుంటుంది.

కొత్త స్లీవులోని చీలిక, గొట్టంలోని చీలికకు సరిగ్గా ఎదురుగా రావాలి. జిగురు లేకుండా ఒకసారి దించి చూసుకుని, ఆ తరువాతే రెండు ట్యూబుల్లో వచ్చే ఎపాక్సీ జిగురును కలిపి స్లీవు వెలుపల పలుచగా పూశాను. ఇక్కడి చలికాలంలో ఎపాక్సీ గట్టిపడడం బాగా నెమ్మదిస్తుంది. అందుకని ఫ్రేమును షెడ్డులో కాక హీటరు ఉన్న గదిలో ఉంచి, ప్యాకెట్టుపై రాసిన గడువు కంటే ఎక్కువసేపే వదిలేశాను.

అసలు పనితనం రీమింగులోనే ఉంది. నేను వాడినది సుమారు 30 నుంచి 34 మిల్లీమీటర్ల వరకు సర్దుకునే చేతి రీమరు. దాని బ్లేడులు ఏటవాలు గాడుల్లో ఉంటాయి. ఒక కొసన నట్టును వదులు చేసి రెండో కొసన బిగిస్తే అవి ఆ ఏటవాలు వెంట జరిగి వ్యాసం కొద్దికొద్దిగా మారుతుంది. ఎప్పుడూ ఒకే దిశలో, అంటే గడియారపు ముల్లు తిరిగే వైపే తిప్పాలి. బయటికి తీసేటప్పుడు కూడా వెనక్కి తిప్పితే బ్లేడు అంచు చెడుతుంది. ఇలాంటి మెలి లేని నిటారు బ్లేడులున్న రీమరు చీలిక అంచుకు తట్టుకునే ప్రమాదం ఉంది కాబట్టి ఒక్కో విడతలో తీసే మందం చాలా స్వల్పంగా ఉండాలి. కొబ్బరి కోరులా సన్నని పొట్టు రాలుతుంటే కోత సరిగ్గా సాగుతున్నట్టే. ప్రతి విడత తరువాత ఆ పొట్టును తుడిచి, పోస్టు మీద మార్కరుతో గీతలు గీసి లోపలికి తోసి చూశాను. గీతలు ఎక్కడ చెరిగితే అక్కడ బిగువు ఉన్నట్టు. లివరు వదిలినప్పుడు పోస్టు తన బరువుతో తానే జారిపడకుండా, చేత్తో నొక్కితే మాత్రం ఆగకుండా దిగే స్థితి రాగానే ఆపేశాను. తీసిన ప్లాస్టిక్కును తిరిగి చేర్చలేం కనుక, బిగువు కాస్త ఎక్కువగా ఉన్నప్పుడే ఆపడం మేలు. మిగిలినది వాడకంలో సర్దుకుంటుంది. ఇప్పుడు గతుకుల రోడ్డు మీద కూడా సీటు కదలడం లేదు.

ఇక వెనుక కీలు. పెడళ్ల ఇరుసుకు వెనుకనే ఉండే ఈ కీలు మీదే వెనుక చక్రం మొత్తం ఫ్రేము కిందికి మడుచుకుంటుంది. చక్రాన్ని పట్టుకుని పక్కకు ఊపినప్పుడు కదలిక కనిపించినంత మాత్రాన తప్పు కీలుదే అనుకోకూడదు. చక్రం నడుమ ఉండే హబ్బులో బేరింగులను బిగించే కోనులు వదులైనా అలాగే ఉంటుంది. చక్రాన్ని విప్పేసి వెనుక ఫ్రేమును మాత్రమే ఊపి చూస్తే అనుమానం తీరుతుంది. నా సైకిలు విషయంలో కదలిక కీలులోనే ఉందని తేలింది. గొలుసు, గేరు కేబులు, వెనుక బ్రేకు కేబులు తీసి, కీలు బోల్టులు విప్పాను. కీలు ఇరుసు కాస్త మొరాయించినా తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా ఉంచాక బయటికి వచ్చింది. దాని మీద బుష్‌లు (ఇరుసు చుట్టూ ఉండే చిన్న లోహపు గొట్టాలు) తిరిగే చోట్ల అరుగుదల వేలికి తగులుతోంది.

ఇక్కడ మాత్రం రీమింగు ఇంట్లో చేయదలచుకోలేదు. రెండు వైపులా ఉన్న బుష్‌ల రంధ్రాలు ఒకే వరుసలో ఉండాలంటే, ఒక బుష్‌ను ఆధారంగా చేసుకుని రెండోదాన్ని కోసే పొడవాటి రీమరు కావాలి. స్లీవు విషయంలో ప్రత్యేక పరికరం లేని లోటును ఓర్పు తీర్చింది గాని, వరుస తప్పిన రంధ్రాన్ని ఓర్పు సరిచేయలేదు. ఒక్కసారి వాడేందుకు ఆ పరికరం కొనడం నా లెక్కకు తూగలేదు. పాత బుష్‌లను తీసి, మర కడ్డీ, నట్లు, వాషర్ల సాయంతో కొత్తవాటిని నేనే లోపలికి నొక్కి, రీమింగుకు మాత్రం వెనుక ఫ్రేమును దుకాణానికి తీసుకువెళతాను. దానికి దుకాణంవారు ఒప్పుకున్నారు. తిరిగి బిగించాక గేరును రెండో స్థానంలో పెట్టి, హబ్బులోంచి గేరు కేబులుకు కలిసే సూచిక కడ్డీ భుజం (కడ్డీ మందం మారే చోటు) చక్రం ఇరుసు కొస నుంచి ఒక మిల్లీమీటరుకు మించి బయటికి రాకుండా కేబులు సర్దవలసి ఉంటుంది. కీలుకు కొత్త బుష్‌లు, ఇరుసు వచ్చేశాయి. బోల్టులు వదులుకాకుండా పూసే లాకింగ్ ద్రవం ఒక్కటే ఇంకా కొనాలి.