గుంపు చేత ఆన్‌లైన్‌లో నిర్ణయం చేయించడం: నా అనుభవం

ఈ పనికి దిగేవాళ్లు మొదట అడిగేది ఏ సాఫ్ట్‌వేర్ వాడాలని. నేను ప్రశ్న దగ్గర మొదలుపెడతాను. "ఇది చేద్దామా, వద్దా?" అంటే మూడో దారి చెప్పేవాళ్లకు చోటుండదు. "దీనికేం చేద్దాం?" అనాలి. ఓటు ఎవరికి, కనీసం ఎంతమంది వేస్తే చెల్లుతుంది, గడువెప్పుడు అన్నవీ అప్పుడే ప్రకటించాలి. ఫలితం కనబడ్డాక రాసిన నిబంధనను ఓడినవాళ్లు నమ్మరు, నమ్మకపోవడం న్యాయమే.

చర్చలో జవాబు బటన్ తీసేస్తాను. అదుంటే ఇద్దరి పంతం మధ్య మిగతావాళ్లు జారుకుంటారు. పోలిస్ (Pol.is) అనే ఆన్‌లైన్ చర్చా వేదిక పద్ధతి నాకు నచ్చింది: ఒకరు చిన్న వాక్యం రాస్తారు, మిగతావాళ్లు ఒప్పుకుంటాను, ఒప్పుకోను, వదిలేస్తాను అని నొక్కుతారు. 2015లో తైవాన్‌లో ఊబర్ నిబంధనల మీద చర్చ ఇలాగే నడిచింది. భిన్న వర్గాలు కూడా ప్రయాణికుల బీమా లాంటి వాటి దగ్గర కలిశాయని అందులో తేలింది.

ఒక వాక్యంలో రెండు విషయాలుంటే దాని ఓట్లకు అర్థముండదు, విడగొట్టించాలి. ఆలస్యంగా వచ్చిన వాక్యం ఎవరి కంటా పడదు కాబట్టి, తక్కువ ఓట్లు పడ్డవాటిని ఎక్కువసార్లు చూపించాలి. ఓటింగ్ ముగిసేదాకా నడుమ లెక్కలు మాత్రం దాచాలి.

అసలు చిక్కు లెక్కింపులో. నేను ఇష్టాల వరుస అడిగి, రెండేసి ప్రతిపాదనలను పోలుస్తాను. క, ఖ, గ అనే మూడు ప్రతిపాదనలకు తొమ్మిదిమందిలో నలుగురు క-ఖ-గ, ముగ్గురు ఖ-గ-క, ఇద్దరు గ-క-ఖ అని వేశారనుకోండి. ఖ మీద క 6-3తో, గ మీద ఖ 7-2తో, క మీద గ 5-4తో గెలుస్తాయి. అంటే అందరినీ ఓడించినది ఏదీ లేదు! ఫ్రెంచ్ గణితజ్ఞుడు కోండోర్సే 1785లోనే చూపిన చిక్కిది. ఇలా చక్రంలా తిరిగినప్పుడు కూడా విజేతను తేల్చే షుల్జ్ పద్ధతిలో అన్నిటికన్నా బలహీనమైన ఆ 5-4 గెలుపు పక్కకు పోయి, క నెగ్గుతుంది. ఏ పద్ధతి వాడతారో ఓటుకు ముందే రాసిపెట్టాలి.

పారదర్శకత పేరుతో ఓటుపత్రాలన్నీ బయటపెట్టకండి. ఆరు ప్రతిపాదనలకు 720 వరుసలు సాధ్యం, కాబట్టి ఒక వింత వరుసను ఇంకొకరు వేసే అవకాశం తక్కువ. ఫలానా వింత వరుస వెయ్యమని ఒకరిని బెదిరించి, జాబితాలో అది ఉందో లేదో చూసుకోవచ్చు. పోలికల పట్టిక ఒక్కటి చాలు: ఆరింటికి 15 జతలు, చేత్తోనే సరిచూడొచ్చు.